సర్టిఫికెట్ రద్దయిందా? టెర్మినల్ చెప్పే ‘ఓకే’ని ఎంతవరకు నమ్మొచ్చు

సైట్ల గుర్తింపు పత్రాలైన సర్టిఫికెట్లని పరీక్షించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌లో వెరిఫై కమాండ్ కొట్టి, చివర ‘ఓకే’ అని పడగానే సర్టిఫికెట్ బాగానే ఉందనుకుని టెర్మినల్ మూసేసేవాళ్లే ఎక్కువ. ఆ ‘ఓకే’కి అర్థం చాలా చిన్నది. సంతకాల గొలుసు మన దగ్గరున్న రూట్ (ముందే నమ్మి పెట్టుకున్న మూల సర్టిఫికెట్) దాకా సరిగ్గా అతికింది, గడువు ఇంకా తీరలేదు, అంతే. జారీ చేసిన సంస్థే మధ్యలో ఈ సర్టిఫికెట్‌ని రద్దు చేసిందా అన్న ప్రశ్నని ఆ కమాండ్ ఎవరినీ అడగలేదు, ప్రత్యేకంగా చెప్తే తప్ప అడగదు కూడా. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో బిల్డ్ చేసిన కర్ల్ (టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే టూల్) తీరూ ఇదే, పైతాన్‌లోని ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ తీరూ ఇదే. రద్దయి నెల దాటిన సర్టిఫికెట్‌తో నడుస్తున్న సర్వర్‌కి కర్ల్‌తో రిక్వెస్ట్ పంపితే, మామూలు సెట్టింగ్స్‌లో, హాయిగా 200, అంటే అంతా సవ్యమన్న జవాబు, వచ్చేస్తుంది.

కమాండ్ లైన్లో రద్దు చెక్ చేయడం గురించి తెలుసుకోవాల్సినదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది. ‘రద్దు కాలేదు’ అన్న జవాబు వచ్చినప్పుడు అసలు ఎవరినైనా అడిగారా, అడిగితే సరైనవాళ్లనే అడిగారా, వచ్చిన జవాబు ఎప్పటిది, దాని మీద సంతకం చూశారా? ఈ నాలుగూ తేలకుండా వచ్చే ‘ఓకే’ కంటే, ఏదో ఎర్రర్‌తో ఆగిపోవడమే మేలు.

ముందు రద్దు ఎందుకు అవసరమవుతుందో త్వరగా చూద్దాం. ప్రైవేట్ కీ (సర్వర్ రహస్యంగా ఉంచుకోవాల్సిన తాళంచెవి) బయటికి పొక్కడం మొదటి కారణం. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపంతో సర్వర్ మెమరీలోంచి కీలు లాగే వీలు ఉందని తేలినప్పుడు, లక్షల సర్టిఫికెట్లని ముందుజాగ్రత్తగా మార్చాల్సి వచ్చింది. క్లౌడ్‌ఫ్లేర్ తన కస్టమర్ల సర్టిఫికెట్లని ఒకేసారి రద్దు చేయించేసరికి గ్లోబల్‌సైన్ రద్దు జాబితా ఫైలు 22 కేబీ నుంచి 4.9 ఎంబీకి ఉబ్బింది. రెండో కారణం, సర్టిఫికెట్ ఇవ్వకూడనివాళ్ల చేతిలో పడటం. 2011లో నెదర్లాండ్స్‌కి చెందిన డిజినోటార్‌లోకి చొరబడినవాళ్లు గూగుల్ డొమైన్లతో సహా 500కి పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు, ఆ కంపెనీ అదే ఏడాది దివాలా తీసింది. మూడోది జనం పెద్దగా ఊహించనిది, జారీ చేసినవాళ్ల సొంత తప్పు. 2020 ఫిబ్రవరి చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన కోడ్‌లో ఒక బగ్ వల్ల 30 లక్షలకి పైగా సర్టిఫికెట్లు సరైన తనిఖీ లేకుండా వెళ్లాయని గుర్తించి, వాటిని రద్దు చేయబోతున్నామని ప్రకటించింది. 2024 జులైలో డిజిసర్ట్ డొమైన్ తనిఖీలో ఒక అండర్‌స్కోర్ అక్షరం తప్పిపోయినందుకు 83 వేలకి పైగా సర్టిఫికెట్లని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి రోజుల్లోనే అడ్మిన్లకి టెన్షన్ మొదలవుతుంది: మనది ఆ లిస్టులో ఉందా, ఉంటే ఇప్పటికే పోయిందా, ఇంకా టైముందా? ఎందుకంటే పరిశ్రమ నియమాల ప్రకారం కీ బయటపడితే 24 గంటల్లో, కొన్ని ఇతర కారణాలకైతే 5 రోజుల్లో రద్దు చేసి తీరాలి. కస్టమర్ సెలవులో ఉన్నా, సోమవారం రిలీజ్ ఉన్నా ఆ గడియారం ఆగదు.

అడగడానికి దారులు రెండు. ఒకటి సీఆర్ఎల్, అంటే జారీ సంస్థ తాను రద్దు చేసిన సర్టిఫికెట్ల సీరియల్ నంబర్లన్నీ రాసి, సంతకం పెట్టి, ఒక ఫైలుగా బయటపెట్టే జాబితా. రెండోది ఓసీఎస్పీ, ఒక్క సర్టిఫికెట్ గురించి మాత్రమే సర్వర్‌ని అడిగి సంతకం చేసిన జవాబు తెచ్చుకునే పద్ధతి. దీని మొదటి ప్రమాణం 1999లో, ఇప్పటి రూపం 2013లో వచ్చాయి. ఈ రెండింటి అడ్రసులూ సర్టిఫికెట్ లోపలే రాసి ఉంటాయి. ఎక్స్509 కమాండ్‌కి టెక్స్ట్ ఆప్షన్ ఇచ్చి చూస్తే సీఆర్ఎల్ డిస్ట్రిబ్యూషన్ పాయింట్స్ అనే చోట ఒకటి, అథారిటీ ఇన్ఫర్మేషన్ యాక్సెస్ అనే చోట రెండోది కనబడతాయి. (ఇక్కడ ఆప్షన్ల పేర్లన్నీ పలికినట్టే రాశాం. టైప్ చేసేటప్పుడు ముందు హైఫన్ ఉంటుంది, కర్ల్‌లో అయితే రెండు. రెండు మాటలున్న చోట మధ్యలో చాలావాటికి అండర్‌స్కోర్, కర్ల్‌లో అయితే హైఫన్.) ఆ అడ్రసులు హెచ్‌టీటీపీతోనే మొదలవడం చూసి కంగారుపడక్కర్లేదు. ఫైలు మీదే సంతకం ఉంది కాబట్టి దారి భద్రంగా లేకపోయినా ఫర్వాలేదు, పైగా హెచ్‌టీటీపీఎస్ పెడితే ఆ సర్వర్ సర్టిఫికెట్ రద్దయిందో లేదో చూడటానికి మళ్లీ ఇంకో చోటికి వెళ్లాల్సిన తిరకాసు మొదలవుతుంది.

నెట్‌లో దొరికే చిట్కాల్లో ఎక్కువ భాగం ఓసీఎస్పీ చుట్టూ రాసినవే, వాటిలో చాలావాటికి ఇప్పుడు కాలం చెల్లింది. 2024 మార్చి 15 నుంచి జారీ సంస్థలూ (సీఏలు) బ్రౌజర్ కంపెనీలూ కలిసి నడిపే సీఏ/బ్రౌజర్ ఫోరమ్ నియమాల్లో ఓసీఎస్పీ ఐచ్ఛికమైంది, సీఆర్ఎల్ తప్పనిసరి అయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 మే 7 నుంచి కొత్త సర్టిఫికెట్లలో ఓసీఎస్పీ అడ్రస్ పెట్టడం మానేసి సీఆర్ఎల్ అడ్రస్ పెట్టడం మొదలుపెట్టింది. ఆగస్టు 6న రెస్పాండర్లని, అంటే ఓసీఎస్పీ జవాబులిచ్చే సర్వర్లని, పూర్తిగా ఆపేసింది. కారణాల్లో మొదటిది ప్రైవసీ: ఏ ఐపీ అడ్రస్ నుంచి ఏ సైట్ చూస్తున్నారో ప్రతి ఓసీఎస్పీ ప్రశ్నా జారీ సంస్థకి చెప్పేస్తుంది. ఆ వివరాలని జారీ సంస్థ భద్రపరచుకోకపోయినా, ఎవరైనా కోర్టు ఉత్తర్వుతో భద్రపరచమంటే ఏం చేస్తారు? అందుకే అసలు ఆ ప్రశ్నే తమ దాకా రాకుండా చేసుకున్నారు. ఫలితంగా, సర్టిఫికెట్ నుంచి ఓసీఎస్పీ అడ్రస్ బయటికి తీసే పాత స్క్రిప్టులకి ఇప్పుడు ఖాళీ లైను వస్తోంది. ఆ ఖాళీని ‘సమస్య లేదు’ అని లెక్కేసే స్క్రిప్టులు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. రద్దు గురించి ఒక్క ప్రశ్నా అడగకుండానే అవి ప్రతి రాత్రీ పచ్చ లైటు వెలిగిస్తున్నాయి.

కాబట్టి ముందు సీఆర్ఎల్ దారి. చూడటానికి సులువే. సర్టిఫికెట్‌లో ఉన్న అడ్రస్ తీసుకో, కర్ల్‌తో ఫైలు దింపు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సీఆర్ఎల్ కమాండ్‌తో టెక్స్ట్‌గా మార్చు, సర్టిఫికెట్ సీరియల్ నంబర్ దొరుకుతుందేమో గ్రెప్ (టెక్స్ట్‌లో వెతికే కమాండ్) చెయ్. ఇందులో కాలు జారే చోట్లు మాత్రం చాలానే ఉన్నాయి. ఫైలు సాధారణంగా డీఈఆర్ రూపంలో, అంటే బైనరీగా ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 అది తనే కనిపెడుతుంది గానీ, పాత 1.1.1లో ఇన్‌ఫార్మ్ ఆప్షన్‌తో డీఈఆర్ అని చెప్పకపోతే అర్థంకాని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సీరియల్ నంబర్‌ని బ్రౌజర్ నుంచి కాపీ చేస్తే జంటల మధ్య కోలన్లు వస్తాయి, కొన్నిచోట్ల చిన్న అక్షరాల్లో ఉంటుంది. సీఆర్ఎల్ టెక్స్ట్‌లో మాత్రం కోలన్లు లేకుండా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గ్రెప్‌కి దొరకదు, మనిషి ‘హమ్మయ్య, లేదు’ అనుకుంటాడు. నంబర్‌ని బ్రౌజర్ నుంచి కాకుండా ఎక్స్509 కమాండ్‌కి సీరియల్ ఆప్షన్ ఇచ్చి తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ముక్కలైన జాబితాలతో. పెద్ద సంస్థలు తమ సీఆర్ఎల్‌ని ఒకే ఫైలుగా ఉంచవు, పదుల సంఖ్యలో ముక్కలు చేసి, ఏ సర్టిఫికెట్ ఏ ముక్కకి చెందుతుందో ఆ సర్టిఫికెట్ లోపలే రాస్తాయి. పక్క సర్టిఫికెట్ కోసం నిన్న దింపుకున్న ఫైలులో దీన్ని వెతికితే ఎంత గాలించినా కనబడదు, రద్దయి ఉన్నా కనబడదు. జారీ చేసిన ఇంటర్మీడియట్ (రూట్‌కీ సైట్ సర్టిఫికెట్‌కీ మధ్యనుండే సర్టిఫికెట్) ఒకటే కదా అనే వాదన ఇక్కడ పనికిరాదు. గ్రెప్‌కి ఈ సంగతేమీ తెలియదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై కమాండ్‌కి తెలుసు, సీఆర్ఎల్ లోపల ఏ ముక్కో చెప్పే గుర్తు ఉంటుంది కాబట్టి తప్పు ముక్క ఇస్తే పరిధి వేరంటూ 44వ నంబర్ ఎర్రర్ ఇస్తుంది. చేత్తో గ్రెప్ చేయడం చటుక్కున చూసుకోవడానికి బాగానే ఉంటుంది, మానిటరింగ్‌లో మాత్రం పెట్టకూడదు అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

వెరిఫై కమాండ్‌కి సీఆర్ఎల్ చెక్ ఆప్షన్ ఇచ్చి, సీఆర్ఎల్‌ఫైల్ ఆప్షన్‌తో దింపిన జాబితాని, అన్‌ట్రస్టెడ్ ఆప్షన్‌తో ఇంటర్మీడియట్‌ని చూపిస్తే అసలు తనిఖీ జరుగుతుంది. జాబితా మీద సంతకం జారీ సంస్థదేనా, దాని గడువు నడుస్తోందా, పరిధి సరిపోయిందా, చివరికి సీరియల్ ఉందా, అన్నీ చూస్తుంది. జాబితాని దింపే పని కూడా దానికే వదిలేయాలంటే సీఆర్ఎల్ డౌన్‌లోడ్ ఆప్షన్ ఉంది. ఎర్రర్ నంబర్లు కొన్ని గుర్తుపెట్టుకుంటే పని తేలికవుతుంది: 23 అంటే నిజంగా రద్దయింది, 3 అంటే జాబితా దొరకలేదు, 12 అంటే దొరికిన జాబితాకి గడువు తీరిపోయింది. మొదటిది సర్టిఫికెట్ గురించిన జవాబు, మిగతా రెండూ అసలు జవాబు రాలేదన్న కబురు. వీటిని ఒకే గాటన కట్టేసి ‘ఫెయిల్’ అని అలారం మోగిస్తే, వారంలో ఎవరో ఒకరు ఆ అలారాన్ని నోరు మూయిస్తారు, తర్వాత నిజమైన 23 వచ్చినా ఎవరూ చూడరు.

సీఆర్ఎల్ చెక్ ఆప్షన్ గొలుసు చివరి (సైట్ సొంత) సర్టిఫికెట్‌నే చూస్తుంది, మధ్యలోని ఇంటర్మీడియట్‌ని చూడదు. ఇంటర్మీడియట్ రద్దవడం అరుదు, అయితే మాత్రం దాని కింద ఉన్నవన్నీ పోయినట్టే. దాన్ని కూడా చూడాలంటే సీఆర్ఎల్ చెక్ ఆల్ ఆప్షన్ కూడా చేర్చాలి, రూట్ ప్రచురించే సీఆర్ఎల్‌ని కూడా తెచ్చివ్వాలి. రూట్ జాబితాలు మామూలుగా నెలల తరబడి మారవు, ఏడాది దాకా చెల్లుబాటుతో ఉంటాయి. చివరి సర్టిఫికెట్ల జాబితాకైతే గరిష్ఠంగా 10 రోజులే. అంటే నిన్న దింపిన ఫైలు గడువు పరంగా ఇంకా చెల్లుతూనే ఉండొచ్చు, ఈ ఉదయం రద్దయిన సర్టిఫికెట్ అందులో ఉండదు. పాత ఫైలుని క్యాష్ చేసి పెట్టుకునే స్క్రిప్ట్, నెక్స్ట్ అప్‌డేట్ (జాబితా గడువు) తేదీని చూసి నిశ్చింతగా ఉంటే కుదరదు, దిస్ అప్‌డేట్ (జాబితా తయారైన) తేదీని చూసి ఎంత పాతదో లెక్కేసుకోవాలి.

గడువు తీరిన సర్టిఫికెట్ రద్దయిందా అని ఆరా తీసేవాళ్లూ ఉంటారు, ఏదో ఇన్సిడెంట్ దర్యాప్తులో. వెబ్ సర్టిఫికెట్ల విషయంలో దీనికి నమ్మకమైన జవాబు ఇప్పటి సీఆర్ఎల్‌లో దొరకదు, ఎందుకంటే గడువు తీరిన సీరియల్స్‌ని ఆ తర్వాతి జాబితాల్లోంచి తీసేసే వీలు ప్రమాణంలోనే ఉంది. లేదు కాబట్టి రద్దు కాలేదు అని రిపోర్టులో రాస్తే తప్పు.

ఓసీఎస్పీ పూర్తిగా పోలేదు, చాలా సంస్థలు ఇంకా నడుపుతున్నాయి, కంపెనీల్లోపలి సర్టిఫికెట్ వ్యవస్థల్లోనూ ఉంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఓసీఎస్పీ కమాండ్‌కి మూడు సంగతులు చెప్పాలి: ఇష్యూయర్ (జారీ చేసినవాళ్ల) సర్టిఫికెట్, అడగాల్సిన సర్టిఫికెట్, రెస్పాండర్ అడ్రస్. ఇష్యూయర్ దగ్గరే తొంభై శాతం గందరగోళం. ప్రశ్నలో సర్టిఫికెట్ మొత్తం వెళ్లదు, ఇష్యూయర్ పేరు, కీల హ్యాష్‌లూ (వాటి నుంచి లెక్కగట్టిన చిన్న ముద్రలు) సీరియల్ నంబరూ మాత్రమే వెళ్తాయి. ఒకప్పటి ఇంటర్మీడియట్ ఫైలు ఇచ్చినా, రూట్‌ని ఇచ్చినా హ్యాష్ మారిపోతుంది, రెస్పాండర్‌కి ఆ పేరుతో ఎవరూ తెలియదు, ‘అనాథరైజ్డ్’ అని 6వ నంబర్ ఎర్రర్ కొడుతుంది. పేరు చూసి పాస్‌వర్డ్ సమస్యనో ఫైర్‌వాల్ సమస్యనో అనుకుని గంటలు పోగొట్టుకునేవాళ్లకి లెక్కలేదు. ఆ సర్టిఫికెట్ గురించి తన దగ్గర సమాచారం లేదని రెస్పాండర్ చెప్పే తీరు అది, గడువు తీరిన సర్టిఫికెట్ గురించి అడిగినా చాలాచోట్ల ఇదే వస్తుంది.

సరిగ్గా అడిగితే వచ్చే జవాబులు మూడు: గుడ్, రివోక్డ్, అన్‌నోన్. ఇందులో ‘గుడ్’ అనేది విన్నంత గొప్పది కాదు. ప్రమాణం ప్రకారం కనీస అర్థం ఒక్కటే, ఆ సీరియల్ నంబర్‌తో చెల్లుబాటులో ఉన్న ఏ సర్టిఫికెట్టూ రద్దు కాలేదు. అలాంటి సర్టిఫికెట్ తాము జారీ చేశామన్న హామీ కూడా అందులో ఉండాలని లేదు. డిజినోటార్ ఉదంతం ఈ లొసుగుని బయటపెట్టింది: తాను ఇచ్చానని తనకే రికార్డు లేని సర్టిఫికెట్లని ఒక సంస్థ రద్దు జాబితాలో ఎలా రాస్తుంది? ఆ తర్వాత వెబ్ సర్టిఫికెట్ల నియమాల్లో, జారీ చేయని సీరియల్‌కి గుడ్ అని చెప్పకూడదన్న షరతు చేరింది. కంపెనీ లోపలి రెస్పాండర్లకి ఆ నియమం వర్తించదు, అవి సీఆర్ఎల్ చూసి ‘ఇందులో లేదు కాబట్టి గుడ్’ అనేయొచ్చు.

తెర మీద వచ్చే మిగతా లైన్లలో ‘నాన్స్ లేదు’ (జవాబు ఈ ప్రశ్నకే అని తేల్చే, ఒక్కసారి వాడే సంఖ్య లేదు) అన్న వార్నింగ్‌ని పట్టించుకోనక్కర్లేదు, పబ్లిక్ రెస్పాండర్లు ముందే సంతకం చేసి పెట్టుకున్న జవాబులు పంచుతాయి కాబట్టి ప్రతి ప్రశ్నకీ కొత్త నాన్స్ కలపలేవు. నో నాన్స్ ఆప్షన్ ఇస్తే ఆ వార్నింగ్ పోతుంది. ‘రెస్పాన్స్ వెరిఫై’ దగ్గర ఫెయిల్యూర్ అని వస్తే మాత్రం, కింద గుడ్ అని ఉన్నా దానికి విలువ లేదు, సంతకం తేలలేదు కాబట్టి ఆ గుడ్ దారిలో ఎవడైనా రాసింది కావచ్చు. ఇంకో కిటుకు, స్క్రిప్టులు రాసేవాళ్లకి ముఖ్యమైనది: ఈ కమాండ్ ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు వదిలే నంబర్) చూసి తీర్పు చెప్పకూడదు. రివోక్డ్ అని సక్రమంగా జవాబు వచ్చినా కమాండ్ తన పని తాను విజయవంతంగా చేసినట్టే లెక్క, కోడ్ 0 వస్తుంది. టెక్స్ట్ చదివి తేల్చాల్సిందే. వెరిఫై కమాండ్ తీరు వేరు, అక్కడ రద్దయితే 0 కాని కోడ్ వస్తుంది. ఒకే టూల్‌లో రెండు సబ్‌కమాండ్‌లకి రెండు నీతులు!

సర్వర్ తనే ఓసీఎస్పీ జవాబు తెచ్చుకుని కనెక్షన్‌తో పాటు జతచేసి పంపే పద్ధతిని స్టేప్లింగ్ అంటారు. చూడాలంటే సర్వర్‌కి కనెక్ట్ అయి చూపే ఎస్ క్లయింట్ కమాండ్‌కి కనెక్ట్, సర్వర్‌నేమ్‌లతో పాటు స్టేటస్ ఆప్షన్ ఇవ్వాలి. ‘నో రెస్పాన్స్ సెంట్’ అని వచ్చిందని వెంటనే కాన్ఫిగ్ మార్చడం మొదలెట్టకూడదు. ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్ రీస్టార్ట్ అయ్యాక మొదటి కనెక్షన్ వచ్చినప్పుడే జవాబు తెచ్చుకోవడం మొదలుపెడుతుంది, ఆ మొదటి కనెక్షన్‌కి ఖాళీయే దక్కుతుంది. ఒకటి రెండు సెకన్లు ఆగి మళ్లీ కొడితే వస్తుంది. కర్ల్‌లో సర్ట్ స్టేటస్ ఆప్షన్ ఈ జతచేసిన జవాబునే చూస్తుంది, అది లేకపోతే 91వ నంబర్ ఎర్రర్‌తో ఆగిపోతుంది, తనంతట తాను రెస్పాండర్ దగ్గరికి వెళ్లదు. ఓసీఎస్పీ ఆపేసిన సంస్థ సర్టిఫికెట్ ఉన్న సైట్‌కి ఈ ఆప్షన్ వాడితే ఎప్పటికీ ఫెయిలే. ఎస్ క్లయింట్‌లో మరో సంగతి, వెరిఫికేషన్ తప్పినా అది కనెక్షన్ తెంచదు, కింద ఎక్కడో రిటర్న్ కోడ్ రాసి ముందుకెళ్తుంది. తప్పినచోటే ఆగాలంటే వెరిఫై రిటర్న్ ఎర్రర్ ఆప్షన్ ఇవ్వాలి. దానికి సీఆర్ఎల్ చెక్, సీఆర్ఎల్ డౌన్‌లోడ్ కూడా కలిపితే, నడుస్తున్న సర్వర్‌ని ఒక్క లైన్లో పరీక్షించడానికి ఇంతకన్నా పొట్టి దారి లేదు.

విండోస్‌లో కథ తిరగబడుతుంది. అక్కడి కర్ల్ విండోస్ సొంత లైబ్రరీ ఎస్‌చానెల్ మీద నడుస్తుంది కాబట్టి, రద్దు చెక్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. సీఆర్ఎల్ అడ్రస్ చేరలేకపోతే రివొకేషన్ సర్వర్ ఆఫ్‌లైన్‌లో ఉందంటూ కనెక్షన్ ఆపేస్తుంది. ఆఫీసు ప్రాక్సీల వెనక, బయటికి దారిలేని సర్వర్ల మీద ఇది నిత్యం జరిగేదే. అప్పుడు వెతికితే దొరికే మొదటి సలహా ఎస్‌ఎస్‌ఎల్ నో రివోక్ ఆప్షన్ పెట్టేయమని. అది పెడితే రద్దయినవి కూడా దాటిపోతాయి. దానికన్నా ఎస్‌ఎస్‌ఎల్ రివోక్ బెస్ట్ ఎఫర్ట్ ఆప్షన్ కాస్త నయం, జాబితా దొరక్కపోతే వదిలేస్తుంది, దొరికి అందులో రద్దు అని ఉంటే ఆపుతుంది. ఒక్క సర్టిఫికెట్ ఫైలుని వివరంగా చూడటానికి విండోస్‌తో వచ్చే సర్ట్‌యుటిల్ కమాండ్ ఉంది. వెరిఫై, యూఆర్ఎల్‌ఫెచ్ ఆప్షన్లు రెండూ ఇస్తే గొలుసులో ప్రతి సర్టిఫికెట్‌కీ ఏ అడ్రస్‌కి వెళ్లింది, ఏం తెచ్చింది, ఎంతసేపు పట్టింది అన్నీ వరసగా చెప్తుంది. లినక్స్ వైపు ఇంత ఓపిగ్గా చెప్పే టూల్ లేదనే అనాలి. విండోస్ సీఆర్ఎల్‌లనీ ఓసీఎస్పీ జవాబులనీ వాటి గడువు దాకా దాచుకుంటుందని మాత్రం మరవకూడదు. రద్దు చేసిన పది నిమిషాలకే పరీక్షించి ‘ఇంకా చెల్లుతోంది’ అని గాభరాపడే ముందు, సర్ట్‌యుటిల్ యూఆర్ఎల్‌క్యాష్‌తో సీఆర్ఎల్, ఓసీఎస్పీ రెండింటి క్యాష్‌నీ డిలీట్ చేసి మళ్లీ చూడాలి.

టెర్మినల్ రద్దయింది అంటోంది, క్రోమ్‌లో సైట్ బాగానే తెరుచుకుంటోంది. ఈ ఫిర్యాదు తరచూ వినబడుతుంది. రెండూ నిజమే కావచ్చు. క్రోమ్ 2012లోనే ఆన్‌లైన్ రద్దు చెక్‌లని మామూలు సైట్లకి ఆపేసి, గూగుల్ ఎంపిక చేసిన చిన్న జాబితాని అప్‌డేట్‌తో పాటు పంపే పద్ధతికి మారింది, అందులో అన్ని రద్దులూ ఉండవు. కారణం కూడా సబబైనదే: రెస్పాండర్ నుంచి జవాబు రాకపోతే బ్రౌజర్లు ‘సర్లే’ అని లోపలికి వదిలేసేవి, దాడి చేసేవాడు మధ్యలో కూర్చున్నప్పుడు ఆ జవాబుని ఆపడం వాడికి చిటికెలో పని. 2009లోనే భద్రతా పరిశోధకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, సంతకం అక్కర్లేని ‘తర్వాత ప్రయత్నించు’ అనే ఓసీఎస్పీ జవాబు పంపిస్తే చాలు తనిఖీ వీగిపోతుందని చూపించాడు. ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు సీఆర్ఎల్ఐట్ పేరుతో దాదాపు అన్ని పబ్లిక్ సీఆర్ఎల్‌ల సారాన్నీ కుదించి బ్రౌజర్‌లోనే పెట్టుకుంటోంది, అందుకే క్రోమ్‌లో తెరుచుకున్నది ఫైర్‌ఫాక్స్‌లో ఆగిపోవడం కనబడుతుంది. ఇక్కడ ఎవరిది తప్పని వాదించుకోవడం కన్నా సీఆర్ఎల్ తెచ్చి వెరిఫై నడిపితే తేలిపోతుంది, జారీ సంస్థ సంతకం చేసిన మాటే చివరిమాట.

వదిలేయకుండా గట్టిగా ఆపేస్తే ఏమవుతుందో చూడాలంటే సొంత సర్టిఫికెట్ వ్యవస్థల వైపు చూడాలి. ఓపెన్‌వీపీఎన్‌కి సీఆర్ఎల్ వెరిఫై పెట్టుకుని, ఉద్యోగం మానేసినవాళ్ల సర్టిఫికెట్లు రద్దు చేసే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. దానితో వాడే సర్టిఫికెట్ టూల్ ఈజీ ఆర్‌ఎస్‌ఏ పుట్టించే సీఆర్ఎల్‌కి మామూలుగా 180 రోజుల గడువు. ఎవరినీ రద్దు చేయని ఆరు నెలలు గడిచాక ఒక ఉదయం ఆ ఫైలుకి గడువు తీరుతుంది, ఎవరి సర్టిఫికెట్టూ రద్దు కాకపోయినా ఒక్కరూ లోపలికి రాలేరు. లాగ్‌లో సీఆర్ఎల్ ఎక్స్‌పైర్డ్ అన్న లైను చూసేదాకా అందరూ నెట్‌వర్క్‌ని తిడుతుంటారు. మానిటరింగ్‌లో సర్టిఫికెట్ గడువుతో పాటు సీఆర్ఎల్ నెక్స్ట్ అప్‌డేట్ తేదీని కూడా పెట్టుకోవాల్సింది అందుకే. ఎన్‌జిన్ఎక్స్‌లో క్లయింట్ సర్టిఫికెట్లకి ఎస్‌ఎస్‌ఎల్ సీఆర్ఎల్ వాడితే, గొలుసులోని ప్రతి సీఏ జాబితానీ ఒకే ఫైలులో కలిపి ఇవ్వాలి, ఒకటి తక్కువైనా అందరికీ 400 ఎర్రర్ వస్తుంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలది ఇంకో లోకం, అక్కడి రద్దు జాబితాని కేఆర్ఎల్ అంటారు, ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌కి పెద్ద అక్షరం క్యూ ఆప్షన్ ఇచ్చి అడిగితే ఆ కీ రద్దయి ఉంటే 0 కాని కోడ్‌తో తిరిగొస్తుంది. ఎగ్జిట్ కోడ్ విషయంలో ఇది ఎంతో మర్యాదగా నడుచుకుంటుంది.

స్క్రిప్ట్ రాసేటప్పుడు ఫలితాన్ని రెండు ముక్కల్లో పెట్టడమే అసలు తప్పు. రద్దయింది, రద్దు కాలేదు, తెలియలేదు: మూడు ఖానాలుండాలి, మూడోదానికి వేరే అలారం, వేరే గడువు. ఆ స్క్రిప్ట్ నిజంగా పని చేస్తోందా అని చూడటానికి కావాలని రద్దు చేసిన సర్టిఫికెట్ కావాలి, అది వెతుక్కోనక్కర్లేదు. పబ్లిక్ జారీ సంస్థలు ప్రతి రూట్‌కీ చెల్లేది ఒకటి, రద్దయింది ఒకటి, గడువు తీరింది ఒకటి చొప్పున పరీక్ష పేజీలు నడపాలని నియమం ఉంది. రద్దయినదాని మీద స్క్రిప్ట్ నడిపినప్పుడు 23 రాకపోతే, మిగతా సైట్ల మీద అది ఇచ్చే పచ్చ లైట్లన్నీ ఉత్తివే.

ఈ మధ్య నాలుగో రకం కూడా ఎదురవుతోంది, సర్టిఫికెట్‌లో ఓసీఎస్పీ అడ్రసూ లేదు, సీఆర్ఎల్ అడ్రసూ లేదు. చాలా తక్కువ కాలం చెల్లే సర్టిఫికెట్లకి రద్దు సమాచారం అక్కర్లేదని నియమాలే అంటున్నాయి. ఆ పరిమితి మొదట 10 రోజులు, 2026 మార్చి 15 నుంచి 7 రోజులు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆరు రోజుల సర్టిఫికెట్లు ఆ కోవలోవే. వీటిని వెరిఫై కమాండ్‌కి సీఆర్ఎల్ చెక్‌తో ఇస్తే 3వ నంబర్ ఎర్రర్ తప్పదు. కాబట్టి స్క్రిప్ట్ ముందుగా మొదలు తేదీకీ ముగింపు తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కేసి, పరిమితిలోపు ఉంటే రద్దు తనిఖీని దాటేసి గడువు మాత్రం చూడాలి, అంతకు మించి ఉండీ అడ్రస్ లేకపోతే అప్పుడు కచ్చితంగా అరవాలి.